వీడియోలో రాక్ కళాకారుడి చేతిలోని గిటారు ఏదో కనిపెట్టడం ఎలా?

కచేరీ వీడియో చూస్తూ ఆ గిటారు ఏదో తెలుసుకోవాలనిపించగానే చాలామంది వీడియోను ఆపి, గిటారు తల మీద రాసిన పేరు చదవడానికి కళ్లు చిట్లిస్తారు. పేరు కనబడితే పని అయిపోయిందనుకుంటారు, కనబడకపోతే ఆశ వదులుకుంటారు. రెండూ తొందరపాటే. చాలా గిటార్ల మీద ఆ పేరు ఒక పలుచని స్టిక్కరు, ఎవరైనా అంటించవచ్చు. బాడీ ఆకారం, పికప్‌ల స్థానం మార్చాలంటే మాత్రం చెక్కను కోయాల్సిందే. అందుకే ఈ పద్ధతిలో పేరు చదవడం బాగా వెనక్కి వెళ్లింది.

కొన్ని మాటలు ముందే తెలిసి ఉండాలి. వీణకు బిరడాలు ఉన్నట్టే గిటారుకు ట్యూనర్లు ఉంటాయి, అవి ఉండే తల భాగం హెడ్‌స్టాక్. ఎడమ చేయి పట్టుకునే పొడవాటి భాగం నెక్, దాని మీది లోహపు మెట్లు ఫ్రెట్లు. బాడీ మీద తీగల కింద ఉండి, తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చేవి పికప్‌లు. తీగలు బాడీ మీద ఆనే చోటు బ్రిడ్జ్. గీతలు పడకుండా బాడీ మీద బిగించే ప్లాస్టిక్ రేకు పిక్‌గార్డ్. శబ్దాన్ని, దాని స్వభావాన్ని సర్దే గుండ్రటి తిప్పుడు మీటలు నాబ్‌లు.

1. ఆ వీడియో ఏ రకమో, ఎప్పటిదో తేల్చుకోండి

పాట ప్రచారం కోసం తీసిన వీడియోలో కళాకారులు దాదాపు ఎప్పుడూ వాయిస్తున్నట్టు నటిస్తారు. గిటారుకు కేబుల్ లేదు, పట్టీకి వైర్‌లెస్ పెట్టె కూడా లేదు అంటే అది నటనే. అలాంటి వీడియోలో దర్శకుడికి నచ్చిన గిటారు కనిపిస్తుంది, రికార్డులో వాయించినది వేరే ఉండవచ్చు.

కచేరీ వీడియోలోనూ ఇదే చిక్కు ఉంది. లెడ్ జెప్లిన్ గిటారిస్టు జిమ్మీ పేజ్ వేదిక మీద ‘స్టెయిర్‌వే టు హెవెన్’ వాయించేటప్పుడు చేతిలో ఎర్రటి రెండు నెక్‌ల గిటారు ఉంటుంది. అది గిబ్సన్ కంపెనీ చేసిన ఈడీఎస్-1275. పై నెక్‌కు పన్నెండు తీగలు, కింది నెక్‌కు ఆరు. పాట మధ్యలో గిటారు మార్చే వీలు లేదు కాబట్టి ఆ ఏర్పాటు. 1971లో విడుదలైన రికార్డులోని సోలో (గిటారు ఒంటరిగా ముందుకు వచ్చే భాగం) మాత్రం ఆయన ఫెండర్ కంపెనీ టెలికాస్టర్ మీద వాయించాడు. అందువల్ల మీ ప్రశ్న ‘వీడియోలో కనిపిస్తున్నది ఏది’ అనా, ‘రికార్డులో వినిపిస్తున్నది ఏది’ అనా అన్నది ముందే తేల్చుకోండి. ఈ వ్యాసం మొదటి ప్రశ్న కోసమే. శబ్దం విని గిటారు పేరు చెప్పేస్తామనే వారు ఎప్పుడూ ఉంటారు. యాంప్లిఫయరు, కాలితో నొక్కి శబ్దం మార్చే ఎఫెక్టు పెడళ్లు, రికార్డింగు గదిలో చేసిన మార్పులు అన్నీ దాటుకుని వచ్చిన శబ్దం అది. వారితో వాదన పెట్టుకోకండి, సాయంత్రం వృథా అవుతుంది.

చిత్రీకరించిన సంవత్సరం తెలిస్తే సగం జాబితా దానంతట అదే కొట్టుకుపోతుంది. టెలికాస్టర్‌కు ఆ పేరు వచ్చింది 1951లో. గిబ్సన్ లెస్ పాల్ 1952లో, ఫెండర్ స్ట్రాటోకాస్టర్ 1954లో వచ్చాయి. గిబ్సన్ ఫ్లయింగ్ వి, ఎక్స్‌ప్లోరర్, ఈఎస్-335, ఫెండర్ జాజ్‌మాస్టర్ అన్నీ 1958 నాటివి. ఎస్‌జీ ఆకారం 1961లో, జాగ్వార్ 1962లో, ఫైర్‌బర్డ్ 1963లో, మస్టాంగ్ 1964లో వచ్చాయి. పీఆర్ఎస్ కంపెనీ మొదలైంది 1985లో, ఐబనేజ్ ఆర్‌జీ, జెమ్ నమూనాలు 1987లో. 1969 నాటి వుడ్‌స్టాక్ సంగీతోత్సవ దృశ్యంలో పీఆర్ఎస్ కనిపించిందని ఎవరైనా అంటే ఇక చూడనక్కర్లేదు.

2. మంచి ఫ్రేములు పట్టుకోండి

ఈ పని ఫోనులో చేయకండి, కంప్యూటర్ ముందు కూర్చోండి. యూట్యూబులో వీడియో నాణ్యతను అందుబాటులో ఉన్న గరిష్ఠ స్థాయికి పెట్టి, వీడియోను ఆపి, కీబోర్డు మీద ఫుల్‌స్టాప్ కీ నొక్కితే ఒక్కో ఫ్రేము ముందుకు, కామా కీ నొక్కితే వెనక్కి వెళుతుంది. చేయి కదిలే ఫ్రేములన్నీ మసకగా ఉంటాయి. పాట చరణానికీ చరణానికీ మధ్య, కళాకారుడు మైకు దగ్గరకు వెళ్లి పాడేటప్పుడు, పాట ముగిశాక చప్పట్ల మధ్య గిటారు నిలకడగా ఉంటుంది. అక్కడ వెతకండి.

కనీసం నాలుగు చిత్రాలు కావాలి. బాడీ మొత్తం కనిపించేది ఒకటి, హెడ్‌స్టాక్‌ది ఒకటి, బ్రిడ్జ్ నుంచి నాబ్‌ల దాకా దగ్గరగా ఒకటి, నెక్ మీది గుర్తులు కనిపించేది ఒకటి. ఒకే ఫ్రేములో అన్నీ దొరకవు, దొరకాలని పట్టుబట్టకండి. కానీ ఆ నాలుగూ ఒకే పాటలోవేనా అని చూసుకోండి. పాట మారితే గిటారు మారడం రాక్ కచేరీల్లో మామూలే. రెండు రాత్రుల చిత్రీకరణను కలిపి ఒకే పాటగా కూర్చిన కచేరీ చిత్రాలూ ఉన్నాయి. అప్పుడు ఒకే పాటలో చొక్కాతో పాటు గిటారూ మారిపోతుంది.

పాత వీడియో మరీ మసకగా ఉంటే అదే కచేరీలో పత్రికల వారు తీసిన ఫోటోలు వెతకండి. 1970ల నాటి ఫిల్ము ఫోటోలో పిక్‌గార్డ్ మరలు లెక్కపెట్టగలిగినంత స్పష్టత ఉంటుంది, అదే రాత్రి వీడియోలో అవి కనిపించనే కనిపించవు.

రంగును మాత్రం నమ్మకండి. వేదిక మీది నీలి దీపం కింద ఎరుపు నల్లగా, పసుపు దీపం కింద తెలుపు వెన్న రంగులోకి కనిపిస్తాయి. పక్కనే డ్రమ్ముల తెల్ల చర్మమో, ఎవరి తెల్ల చొక్కానో ఉంటే దానితో పోల్చండి. అది కూడా పసుపుగా కనిపిస్తే తప్పు గిటారుది కాదు, దీపానిది.

3. అద్దంలో బొమ్మ కాదు కదా?

కాపీరైటు తనిఖీ తప్పించుకోవడానికి కొందరు వీడియోను ఎడమ కుడి తిప్పేసి పెడతారు. అప్పుడు కుడిచేతి వాటం వాడు ఎడమచేతి వాటం వాడైపోతాడు. చొక్కా మీద, డ్రమ్ము మీద, యాంప్లిఫయరు మీద అక్షరాలు తిరగబడి ఉన్నాయేమో చూస్తే వెంటనే తేలిపోతుంది.

అక్షరాలు సరిగానే ఉండి కళాకారుడు నిజంగా ఎడమచేతి వాటమైతే ఇంకో ప్రశ్న. అది ఎడమచేతి వారి కోసం తయారైన గిటారా, లేక కుడిచేతి గిటారును తలకిందులు చేసి పట్టుకున్నాడా? జిమీ హెండ్రిక్స్‌ది రెండో పద్ధతి. వుడ్‌స్టాక్‌లో ఆయన వాయించిన తెల్లటి స్ట్రాటోకాస్టర్‌ను గమనించండి. మామూలుగా పైకి ఉండాల్సిన ట్యూనర్లు నేల వైపు ఉంటాయి, కింద ఉండాల్సిన నాబ్‌లు ముంజేతి దగ్గర పైన ఉంటాయి, బాడీ పొడవాటి కొమ్ము కిందికి వచ్చేస్తుంది. ఆ గిటారు ఇప్పుడు సియాటిల్‌లోని మ్యూజియం ఆఫ్ పాప్ కల్చర్‌లో ఉంది. నిర్వాణా బృందపు కర్ట్ కొబేన్ వాయించిన నీలి రంగు మస్టాంగ్ మాత్రం ఎడమచేతి వారి కోసమే చేసినది, అందులో ఏదీ తలకిందులై కనిపించదు.

4. బాడీ ఆకారం చూసి కుటుంబాన్ని పట్టుకోండి

నెక్ బాడీలో కలిసే చోట చేయి ఆడేందుకు చెక్కలో కోత పెడతారు. కోత ఒక వైపేనా, రెండు వైపులా? ఒక వైపే ఉండి, బాడీ బల్లపరుపుగా, అంచులు మొద్దుగా ఉంటే టెలికాస్టర్ కుటుంబం. ఒక వైపే ఉండి, బాడీ మందంగా, మధ్యలో కాస్త ఉబ్బి, చుట్టూ సన్నని లేత రంగు అంచు ఉంటే లెస్ పాల్ కుటుంబం. రెండు వైపులా కోత ఉండి, కొమ్ములు గుండ్రంగా, పై కొమ్ము కింది దానికన్నా పొడవుగా, ముంజేయి ఆనే చోట చెక్క ఏటవాలుగా చెక్కి ఉంటే స్ట్రాటోకాస్టర్. రెండు కొమ్ములూ దాదాపు సమానంగా, మొనదేలి, బాడీ పలుచగా ఉంటే ఎస్‌జీ. ఏసీ/డీసీ బృందంలో ఆంగస్ యంగ్ చేతిలో ఎప్పుడూ కనిపించేది అదే. బాణం మొనలా ఉంటే ఫ్లయింగ్ వి. నడుము దగ్గర రెండు సగాలు ఒకదానికొకటి జరిగినట్టు ఉంటే జాజ్‌మాస్టర్ లేదా జాగ్వార్.

ఈ చివరి రెండింటినీ కలగాపులగం చేయడం చాలా సులభం. నాబ్‌ల కింద మెరిసే లోహపు పలకలు ఉన్నాయా చూడండి. పిక్‌గార్డ్ పక్కన విడివిడిగా లోహపు పలకలు ఉంటే జాగ్వార్. అవి లేక, పికప్‌లు వెడల్పుగా, సబ్బుబిళ్లల పరిమాణంలో తెల్లగా ఉంటే జాజ్‌మాస్టర్.

వయొలిన్ మీద ఉన్నట్టు బాడీకి రెండు వైపులా సన్నని రంధ్రాలు ఉంటే లోపల పూర్తిగానో కొంతవరకో బోలుగా ఉన్న గిటారు. అయినా ఇల్లు అలకగానే పండగ కాదు. 1969 జనవరి 30న లండన్‌లో మేడ మీద బీటిల్స్ ఇచ్చిన చివరి ప్రదర్శన చూడండి. జాన్ లెనన్ చేతిలోని లేత చెక్క రంగు గిటారు దూరం నుంచి గిబ్సన్ ఈఎస్-335లాగే కనిపిస్తుంది. అది ఎపిఫోన్ కాసినో. తేడా నెక్ బాడీలో కలిసే చోట దొరుకుతుంది. కాసినోలో నెక్ 16వ ఫ్రెట్ దగ్గరే బాడీలో కలిసిపోతుంది, 335లో దాదాపు 19వ ఫ్రెట్ దాకా బయటే ఉంటుంది. తీగల చివర కూడా చూడండి. కాసినోలో అవి బాడీ అడుగున బిగించిన లోహపు చట్రంలోకి వెళతాయి. దాని మీద మొదట ఉన్న రంగు పూతను లెనన్ 1968లో గీకించేశాడు, కాబట్టి రంగును పట్టుకుని కంపెనీ కాటలాగులో వెతికినా దొరికేది కాదు. ఆయన పక్కనే జార్జ్ హారిసన్ చేతిలో ఉన్నది టెలికాస్టరే కానీ బాడీ, నెక్ అన్నీ ముదురు రోజ్‌వుడ్‌తో ఫెండర్ ప్రత్యేకంగా చేయించి ఇచ్చినది.

5. హెడ్‌స్టాక్, కానీ పేరు వద్దు

ట్యూనర్లు ఎలా పంచి ఉన్నాయో చూడండి. ఆరూ ఒకే వైపు ఉంటే ఫెండర్, ఐబనేజ్, జాక్సన్ వంటివి. గిబ్సన్‌లోనూ ఎక్స్‌ప్లోరర్, ఫైర్‌బర్డ్ ఇలాగే ఉంటాయి. మూడు ఇటు, మూడు అటు ఉంటే గిబ్సన్, ఎపిఫోన్, పీఆర్ఎస్, గ్రెట్ష్, రికెన్‌బాకర్ వైపు వెళ్లండి. పైన నాలుగు, కింద రెండు ఉంటే ఎర్నీ బాల్ మ్యూజిక్ మ్యాన్ అని దాదాపు తేల్చేయవచ్చు. హెడ్‌స్టాకే లేకపోతే వెతకాల్సిన పేర్లు మరీ తక్కువ, స్టెయిన్‌బర్గర్‌తో మొదలుపెట్టండి.

గిబ్సన్ హెడ్‌స్టాక్ పై అంచు తెరిచిన పుస్తకంలా మధ్యలో చిన్న వంపుతో ఉంటుంది. ఇప్పటి ఎపిఫోన్ లెస్ పాల్‌లలో చాలావాటికి ఆ అంచు వేరే వంపులో ఉంటుంది. వీడియోలో ఈ అంచు ఒక్కటి దొరికినా పెద్ద మేలు.

6. పికప్‌లు, బ్రిడ్జ్, నాబ్‌లు

అసలు పని ఇక్కడే. బాడీ ఆకారం కుటుంబం వరకే తీసుకెళుతుంది, నమూనా దొరికేది ఈ అరచేయంత జాగాలో.

పికప్ సన్నగా, ఒకే వరుస చుక్కలతో ఉంటే సింగిల్ కాయిల్. దాదాపు రెండింతల వెడల్పుతో, లోహపు మూతతోనో రెండు వరుసలుగానో ఉంటే హంబకర్. స్ట్రాటోకాస్టర్‌లో మామూలుగా మూడు సింగిల్ కాయిల్‌లు ఉంటాయి, బ్రిడ్జ్ దగ్గరిది ఏటవాలుగా ఉంటుంది, మూడు నాబ్‌లు, బాడీ ముందు వైపే కేబుల్ దూర్చే పడవ ఆకారపు లోహపు గుంట. టెలికాస్టర్‌లో రెండు పికప్‌లు, బ్రిడ్జ్ దగ్గరిది లోహపు పలకలోనే ఏటవాలుగా కూర్చుంటుంది, రెండు నాబ్‌లు ఒక సన్నని పొడవాటి లోహపు పట్టీ మీద ఉంటాయి. లెస్ పాల్‌లో రెండు హంబకర్లు, నాలుగు నాబ్‌లు, పికప్ మార్చే మీట మాత్రం వాటికి దూరంగా పైభాగంలో నెక్ పక్కన ఉంటుంది. ఎస్‌జీలోనూ నాలుగు నాబ్‌లే, కానీ ఆ మీట కిందనే నాబ్‌ల దగ్గర ఉంటుంది. మస్టాంగ్‌లో ఒక్కో పికప్ పైన ఒక్కో జారుడు స్విచ్చు. క్వీన్ బృందపు బ్రయాన్ మే 1963లో తండ్రితో కలిసి ఇంట్లో చేయడం మొదలుపెట్టిన రెడ్ స్పెషల్‌లో చిన్న స్విచ్చులు వరుసగా ఉంటాయి, అలాంటి వరుస వేరే చోట చూడటం అరుదు.

పికప్ మూత నున్నగా, చుక్కలేమీ లేకుండా, నల్లగా ఉంటే ఈఎంజీ కంపెనీ పికప్ అని అనుమానించండి. మెటాలికా బృందం వీడియోల్లో ఇవి పదేపదే కనిపిస్తాయి.

బ్రిడ్జ్ దగ్గర నుంచి వంగిన సన్నని కడ్డీ వేలాడుతుంటే అది తీగల బిగువు మార్చే ట్రెమోలో. అది ఉన్నప్పుడు నెక్ మొదట్లో, తీగలు హెడ్‌స్టాక్ మీదికి వెళ్లే చోట కూడా చూడండి. అక్కడ తీగలను నొక్కి పట్టే మూడు లోహపు బిళ్లలు ఉంటే అది ఫ్లాయిడ్ రోజ్ రకం ట్రెమోలో. మొదట రూపొందించినప్పుడు స్ట్రాటోకాస్టర్‌కు అది లేదు. కాబట్టి స్ట్రాటోకాస్టర్ ఆకారం, ఫ్లాయిడ్ రోజ్ రెండూ కలిసి కనిపిస్తే 1980ల నాటి లేదా ఆ తర్వాతి వేరే కంపెనీ గిటారు కావడానికే అవకాశం ఎక్కువ.

7. నెక్ మీది గుర్తులు, తీగల లెక్క

నెక్ ముఖం లేత రంగులో ఉంటే మేపుల్, ముదురుగా ఉంటే రోజ్‌వుడ్ లేదా ఎబొని. గుండ్రటి చుక్కలు ఫెండర్‌లో, సమలంబ ఆకారపు పెద్ద గుర్తులు లెస్ పాల్ స్టాండర్డ్‌లో, త్రికోణాలు ఖరీదైన రికెన్‌బాకర్‌లలో, ఎగిరే పక్షులు పీఆర్ఎస్‌లో, సొరచేప రెక్కలు జాక్సన్‌లో చూస్తాం.

ఫ్రెట్లన్నీ లెక్కపెట్టనక్కర్లేదు. జంట చుక్కలు ఉన్న చోటు 12వ ఫ్రెట్, అక్కడి నుంచి చివరి దాకా లెక్కపెడితే చాలు. తొమ్మిది ఉంటే మొత్తం 21, పాత ఫెండర్‌లు ఇలా ఉంటాయి. పది ఉంటే 22, గిబ్సన్‌లలో ఎక్కువ ఇవే. నెక్ చివర ఇంకో జంట చుక్కలు కనిపిస్తే 24.

తీగలు కూడా లెక్కపెట్టండి, వింతలు దొరుకుతాయి. రోలింగ్ స్టోన్స్ బృందపు కీత్ రిచర్డ్స్ టెలికాస్టర్ ఒకదానికి మికాబర్ అని పేరు, దానికి ఐదే తీగలు, పైగా నెక్ వైపు మామూలు పికప్ బదులు హంబకర్. ఐదు తీగలు చూడగానే టెలికాస్టర్ కాదనుకుంటే పొరబడినట్టే. మరో వైపు నుంచీ పొరబడవచ్చు. గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో రిమెంబర్ శక్తి బృందం కచేరీల్లో మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ చేతిలో ఉన్న చిన్న వాయిద్యానికీ ఐదే తీగలు. గట్టి చెక్క బాడీ, పికప్, నాబ్‌లు చూసి చిన్న గిటారు అనుకోవడం సులభం. అది ఎలక్ట్రిక్ మాండలిన్, మామూలు మాండలిన్‌కు ఉండే నాలుగు జంట తీగల బదులు ఆయన ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు.

8. ఇప్పుడు పేరు చదవండి

ఇంతవరకు తేలినదానితో పేరు సరిపోలుతోందా అన్నదే ఇక్కడ ప్రశ్న. సరిపోలకపోతే పేరునే అనుమానించండి.

1970ల్లో జపాన్ కంపెనీలు గిబ్సన్, ఫెండర్ ఆకారాలను అచ్చుగుద్దినట్టు చేశాయి. ఐబనేజ్ గిటార్ల హెడ్‌స్టాక్ తమదాన్ని పోలి ఉందని గిబ్సన్ మాతృ కంపెనీ నార్లిన్ 1977లో అమెరికాలో దావా వేసింది. టోకాయ్ కంపెనీ తన గిటారుకు లవ్ రాక్ అని పేరు పెట్టింది, మసక వీడియోలో ఆ రాత లెస్ పాల్ అనే అనిపిస్తుంది. మన దేశంలో గివ్సన్ పేరుతో అమ్మే చవక గిటార్లు అందరికీ తెలిసినవే, ఒక్క అక్షరం తేడా. ఇక స్క్వయర్ ఫెండర్ వారి సొంత చవక శ్రేణి, ఎపిఫోన్ 1957 నుంచి గిబ్సన్ చేతిలోనే ఉంది, కాబట్టి ఆకారం అదే ఉండటం చట్టబద్ధమే.

పేరు చదివి మోసపోవడానికి గట్టి ఉదాహరణ గన్స్ అండ్ రోజెస్ గిటారిస్టు స్లాష్. 1987 నాటి ఆల్బమ్ ‘అపెటైట్ ఫర్ డిస్ట్రక్షన్’లో ఆయన వాయించిన లెస్ పాల్ గిబ్సన్ కర్మాగారంలో తయారైనది కాదు. క్రిస్ డెరిగ్ అనే తయారీదారు చేతితో చేసిన ప్రతిరూపం. ఎంత దగ్గరగా చూసినా వీడియో ఈ సంగతి చెప్పదు.

అమెరికా కళాకారుడు ప్రిన్స్ విషయం ఇందుకు తారుమారు. 2004లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వేడుకలో జార్జ్ హారిసన్ స్మారకంగా ఆయన వాయించిన సోలో చూసి చాలామంది టెలికాస్టర్ అనేస్తారు. అది హోనర్ పేరుతో అమ్ముడైన మ్యాడ్ క్యాట్. చిరుతపులి చర్మపు నమూనాతో ఉన్న పిక్‌గార్డ్, బాడీ నడిమధ్య ముదురు చెక్క పట్టీ రెండూ దాని జాడలు.

9. ఏ సంవత్సరపు గిటారు?

ఇక్కడ చేయగలిగింది తక్కువ, చెప్పేవారు ఎక్కువ. స్ట్రాటోకాస్టర్‌లో కొన్ని గట్టి ఆధారాలు ఉన్నాయి. పెద్ద హెడ్‌స్టాక్ 1965 చివర్లో మొదలై 1980ల ఆరంభం దాకా ఉంది. పిక్‌గార్డ్ మరలు మొదట ఎనిమిది, 1959 నుంచి పదకొండు. రోజ్‌వుడ్ నెక్ ముఖం 1959లో వచ్చింది. కానీ పాత నమూనాలను కంపెనీలే మళ్లీ తయారుచేసి అమ్మడం మొదలయ్యాక ఈ లెక్కలు ఒక వైపే పనిచేస్తాయి. వీడియో 1975 నాటిదైతే చిన్న హెడ్‌స్టాక్ చూసి పాత గిటారు అనవచ్చు. వీడియో 1995 నాటిదైతే అనలేరు.

10. ఒక గిటారును మూడు వీడియోల్లో వెంబడిద్దాం

పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్‌ను తీసుకోండి. మొదటి వీడియో 1971 అక్టోబరులో ఇటలీలోని పాంపే పురాతన రంగస్థలంలో, ప్రేక్షకులు లేకుండా తీసినది. నల్లటి స్ట్రాటోకాస్టర్, తెల్లటి పిక్‌గార్డ్. రెండోది 1994లో లండన్ ఎర్ల్స్ కోర్టు ప్రదర్శనశాలలో జరిగిన కచేరీది. ఎర్రటి స్ట్రాటోకాస్టర్, తెల్లటి పిక్‌గార్డ్. మూడోది 2005 జూలై 2న లండన్ హైడ్ పార్కులో లైవ్ 8 కచేరీ వేదిక. నల్లటి స్ట్రాటోకాస్టర్, పిక్‌గార్డ్ కూడా నలుపు.

పైపైన చూస్తే మూడు వేర్వేరు గిటార్లు. నిజానికి మొదటిదీ మూడోదీ ఒకటే. 1970లో న్యూయార్కులో కొన్న ఆ గిటారుకు 1974లో తెల్ల పిక్‌గార్డ్ తీసి నల్లది వేశారు. తర్వాత దాని నెక్ ఒకటికి మించిన సార్లు మారింది, పికప్‌లు మారాయి, పిక్‌గార్డ్ మీద ఒక అదనపు చిన్న మీట వచ్చింది, ట్రెమోలో కడ్డీని మామూలు కన్నా పొట్టిగా కోశారు. లైవ్ 8 వీడియోలో ఆయన కుడి చేతిని గమనిస్తే ఆ పొట్టి కడ్డీ అరచేతిలో ఇమిడిపోవడం కనిపిస్తుంది. పికప్ మూతలూ నాబ్‌లూ తెల్లగానే మిగిలాయి, అందువల్ల నల్లటి నేపథ్యం మీద అవి కొట్టొచ్చినట్టు ఉంటాయి.

ఎర్రదాని దగ్గరకు వస్తే పికప్‌లను దగ్గరగా చూడండి. మామూలు స్ట్రాటోకాస్టర్ పికప్ మీద ఒక్కో తీగ కింద ఒక్కో లోహపు చుక్క ఉండాలి. ఇక్కడ మూతలు నున్నగా ఉన్నాయి, చుక్కలు లేవు. అవి ఈఎంజీ పికప్‌లు. చిన్న హెడ్‌స్టాక్, మేపుల్ నెక్ చూసి 1957 గిటారు అనేస్తే పైన తొమ్మిదో భాగంలో చెప్పింది మరచినట్టే. అది 1957 నమూనాను ఫెండర్ మళ్లీ తయారుచేసినది, ఆయన 1984లో కొన్నది.

నల్ల గిటారు గురించి ఇంత ఖాయంగా చెప్పగలగడానికి కారణం దాని మరమ్మతులన్నీ నమోదై ఉండటం, 2019 జూన్‌లో క్రిస్టీస్ సంస్థ న్యూయార్కులో దాన్ని వేలం వేయడం. ధర 39,75,000 డాలర్లు పలికింది.

11. బయటి ఆధారంతో సరిచూడండి

వేలం సంస్థల కాటలాగులు ఈ పనికి గని వంటివి. అమ్మే వస్తువు అసలైనదని కొనేవారికి నిరూపించాలి కాబట్టి దగ్గరి ఫోటోలు, ఏ కచేరీలో వాడారన్న వివరం ఇస్తారు. కొబేన్ మస్టాంగ్ 2022లో జూలియన్స్ వేలంలో 45 లక్షల డాలర్లకు పైగా పలికింది, దాని మీది ప్రతి గీత ఫోటోల్లో దొరుకుతుంది. కళాకారుడి ఇంటర్వ్యూలు, ఆయన గిటార్లు చూసుకునే సాంకేతికుడి ఇంటర్వ్యూలు తర్వాతి స్థానం. కంపెనీ ప్రకటనలు చివరి స్థానం, ఎందుకంటే ప్రచార ఒప్పందం ఉన్న గిటారు ఫోటోలో ఉంటుంది, ఇష్టమైన గిటారు స్టూడియోలో ఉంటుంది.

గూగుల్ లెన్స్ వంటి సాధనాలతో చిత్రం వెతకడం మొదటి అడుగుగా మంచిదే. ఆకారం పోలిన పది గిటార్లను ముందు పెడుతుంది. అసలుకూ నకలుకూ తేడా మాత్రం దానికి తెలియదు, అమ్మకానికి ఉన్న చవకరకాన్నే ముందు చూపిస్తుంది.

ఫలానా నమూనా అని కాక, ఆ ఒక్క గిటారే అని తేల్చాలంటే అరుగుదల చూడండి. ఐర్లాండు కళాకారుడు రోరీ గాలగర్ 1961 స్ట్రాటోకాస్టర్ మీద రంగు చాలావరకు లేచిపోయి లోపలి చెక్క కనిపిస్తుంది. ఆ మచ్చల అంచులు ఇంకే గిటారు మీదా అలాగే ఉండవు. అయితే కొత్త గిటారునే అరిగినట్టు చేసి అమ్మే ప్రతిరూపాలూ వచ్చాయి కాబట్టి ఒక్క మచ్చతో కాక నాలుగైదు మచ్చలతో పోల్చండి. 1958 నుంచి 1960 దాకా వచ్చిన సన్‌బర్స్ట్ (మధ్యలో లేతగా, అంచుల్లో ముదురుగా రంగు వేసిన) లెస్ పాల్‌లలో అయితే పై చెక్క చారలే ఆధారం, రెండు చెట్లలో ఒకే చార ఉండదు.

12. తేలినంతవరకే రాయండి

జవాబును మూడు ముక్కలుగా రాయడం నాకు నచ్చిన పద్ధతి. కళ్లకు కనిపించినది ఒకటి, దాని నుంచి ఊహించినది ఇంకొకటి, బయటి ఆధారం నుంచి తెలిసినది మరొకటి. వుడ్‌స్టాక్ హెండ్రిక్స్ గురించి అయితే ఇలా ఉంటుంది: “తెల్లటి స్ట్రాటోకాస్టర్, కుడిచేతిది తిప్పి పట్టుకున్నారు, మేపుల్ నెక్, పెద్ద హెడ్‌స్టాక్. కాబట్టి 1965 చివరి నుంచి 1969 ఆగస్టు మధ్య తయారైనది. మ్యూజియం వివరం ప్రకారం 1968 నాటిది.” వీడియోలో హెడ్‌స్టాక్ ఒక్కసారి కూడా కనిపించకపోతే మాత్రం “స్ట్రాటోకాస్టర్ ఆకారపు గిటారు, కంపెనీ తేలలేదు” అని రాసి, చూసిన నిమిషం, సెకను పక్కన వేయండి. మీ తర్వాత వెతికేవారు ఆ ఫ్రేము దగ్గరకే నేరుగా వెళ్లగలుగుతారు.